చూపు కొంత మిగిలినప్పుడు ఏది కొనాలి, ఏది నేర్చుకోవాలి

"అద్దాలు మార్చినా ఇంతకన్నా కనపడదు, ఆపరేషన్‌తో వచ్చే చూపు కాదిది" అని డాక్టరు చెప్పాక మన ఇళ్లలో సాధారణంగా రెండు జరుగుతాయి. ఒకటి, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. రెండు, బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో పెద్ద భూతద్దం ఒకటి తెప్పించి పంపిస్తాడు. రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పేం లేదు. భూతద్దం మాత్రం పది రోజులు టేబుల్ మీద ఉండి, తర్వాత బీరువాలోకి వెళ్తుంది. ఎందుకంటే అది ఏ పని కోసమని ఎవరూ అడగలేదు.

నాకు మధ్య చూపు పోయి చాలా ఏళ్లయింది. ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తుంటాయి: "అన్నా, నాన్నకి ఏది కొంటే మంచిది?" నేను తిరిగి అడిగేది ఒక్కటే. నాన్నగారు ఇప్పుడు చేయలేక బాధపడుతున్న పని ఏది? పేపరు చదవడమా, మందుల పేరు చూసుకోవడమా, సాయంత్రం గుడికి ఒంటరిగా నడిచి వెళ్లడమా, ఎదురొచ్చిన మనిషిని గుర్తుపట్టడమా? ఒక్కో పనికి ఒక్కో జవాబు ఉంటుంది. అన్నింటికీ పనికొచ్చే వస్తువు ఏ షాపులోనూ లేదు, అలా ఉందని అమ్మేవాళ్లను నమ్మకండి.

ముందు ఏ చూపు పోయిందో చూడండి

చట్టం లెక్క ఒకటి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటిలో చూపు 6/18 కన్నా తగ్గి 3/60 వరకు ఉంటే లో విజన్. లేదా చూపు వెడల్పు 40 డిగ్రీల లోపు, 10 డిగ్రీల వరకు ఉన్నా లో విజన్. 6/60 అంటే మామూలు చూపున్న మనిషి 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ మనిషి 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేడని.

కొనుగోలుకి మాత్రం ఈ అంకె ఒక్కటే చాలదు. ఒకే 6/60 ఉన్న ఇద్దరికి రెండు వేరు వేరు సాయాలు కావాల్సి రావచ్చు. కంటి వెనక తెర (రెటీనా) నడిమధ్య భాగాన్ని మాక్యులా అంటారు. వంశపారంపర్యంగా వచ్చే స్టార్‌గార్ట్ జబ్బు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, షుగర్ వల్ల మాక్యులా దెబ్బతినడం లాంటి వాటిలో చూపు నడిమధ్య మచ్చ పడుతుంది. ముఖం కనపడదు, అక్షరం కనపడదు, కానీ నడవడంలో పెద్ద ఇబ్బంది ఉండదు. రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా, ముదిరిన నీటికాసులు దీనికి తలకిందులు. వీళ్లు చిన్న అక్షరం కూడా చదవగలరు, పక్కన ఉన్న స్టూలు మాత్రం కాలికి తగిలేదాకా తెలియదు. ఇంట్లోవాళ్లు "సూదిలో దారం ఎక్కిస్తాడు గానీ బకెట్ కనపడదట, నటిస్తున్నాడు" అనేది వీళ్ల గురించే. మూడో రకం, మొత్తం మసకగా, వెలుతురు పడితే కళ్లు చెదిరేలా ఉండేది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చలు ఉన్నవాళ్లకు, పుట్టుకతో ఒంట్లో రంగు లేని ఆల్బినిజం వాళ్లకు ఇది ఎక్కువ.

మొదటి రకానికి అక్షరం పెద్దది చేస్తే లాభం. రెండో రకానికి పెద్దది చేస్తే నష్టం కూడా కావచ్చు, ఎందుకంటే ఉన్న కాస్త సందులోంచి పెద్ద అక్షరం ఒక ముక్కే కనపడుతుంది. మూడో రకానికి ముందు వెలుతురు, రంగుటద్దాలు, టోపీ సంగతి చూడాలి. అసలైన ఎంపిక ఇక్కడే సగం తేలిపోతుంది.

షాపా, కంటి ఆసుపత్రా, లో విజన్ క్లినిక్కా

వీధిలో ఉండే కళ్లద్దాల షాపులో భూతద్దం దొరుకుతుంది, సలహా దొరకదు. మామూలు కంటి ఆసుపత్రిలో జబ్బుకు వైద్యం దొరుకుతుంది. కానీ "ఈ చూపుతో నేను వంట ఎలా చేయాలి" అని అడిగే టైము అక్కడ ఉండదు. లో విజన్ క్లినిక్కులో పని ఇదే. తీరిగ్గా కూర్చోబెట్టి, మామూలు చార్టు కాకుండా దగ్గర నుంచి చదివే చార్టుతో చూపు కొలుస్తారు. ఏ పని ఆగిపోయిందో అడుగుతారు. పదీ పన్నెండు రకాల అద్దాలు చేతికిచ్చి చదివిస్తారు. ఏదైనా కొనేముందు ఇక్కడికి ఒకసారి వెళ్లి రావడం మంచిది.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. విశాఖపట్నం, విజయవాడల్లోనూ ఆ సంస్థ క్యాంపస్‌లు నడుపుతోంది. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకి చెన్నై శంకర నేత్రాలయ దగ్గర. దృష్టిలోపం ఉన్నవాళ్ల కోసం డెహ్రాడూన్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. బ్రెయిలీ, చేతికర్రతో నడక, కంప్యూటర్ లాంటి శిక్షణల గురించి అక్కడ అడగవచ్చు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు ఎలాగూ పట్టుకెళ్తారు. వాటితో పాటు మీరు నిజంగా చదవాల్సినవి సంచీలో వేసుకోండి: మీరు చదివే తెలుగు పేపరు, మందుల షీటు, కరెంటు బిల్లు, లలితా సహస్రనామం పుస్తకం, పిల్లలయితే వాళ్ల క్లాసు పుస్తకం. క్లినిక్కులో చార్టు మీద ఇంగ్లీషు అక్షరాలు చక్కగా చదివి, ఇంటికొచ్చాక పేపరు చదవలేక ఉస్సూరుమనేవాళ్లు చాలామంది. దానికి కారణం మన లిపిలోనే ఉంది, అది కిందే చెప్తాను.

చదవడానికి అద్దం: చేతిలోదా, కాళ్లున్నదా, కళ్లకు పెట్టుకునేదా

మొదట అద్దం మీది అంకె గురించి. డబ్బా మీద 5ఎక్స్ అని ఉంటుంది. ఒక కంపెనీ అద్దం శక్తిని నాలుగుతో భాగించి ఆ అంకె వేస్తుంది, ఇంకో కంపెనీ దానికి ఒకటి కలిపి వేస్తుంది. ఒకే అద్దం ఒకచోట 5ఎక్స్, ఇంకోచోట 6ఎక్స్ అవుతుంది. అందుకే డయాప్టర్, అంటే అద్దం అసలు శక్తి కొలత, ఎంతో అడగండి. ఇక్కడైతే 20 డయాప్టర్లు. 100ని ఆ అంకెతో భాగిస్తే అద్దానికీ కాగితానికీ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో వస్తుంది. 20 డయాప్టర్లయితే 5 సెంటీమీటర్లు, 10 అయితే 10.

దీన్నిబట్టే ఇంకో సంగతి అర్థమవుతుంది. శక్తి పెరిగేకొద్దీ అద్దం చిన్నదవుతుంది, ఒకసారికి కనపడే అక్షరాలు తగ్గుతాయి. పేజీ అంత వెడల్పున్న ప్లాస్టిక్ భూతద్దం శక్తి చాలా తక్కువ, లో విజన్‌కి దాదాపు పనికిరాదు. మా బంధువు ఒకాయనకి ఒక షాపువాడు అలాంటిదే "పెద్దది కాబట్టి బాగా కనపడుతుంది" అని అంటగట్టాడు.

చేతిలో పట్టుకునే లైటు భూతద్దం ధరలో అందుబాటులో ఉంటుంది, జేబులో పడుతుంది. కిరాణా షాపులో ఎక్స్‌పైరీ తేదీ, బస్ టికెట్, ఫోన్ నంబరు లాంటి చిన్న చిన్న పనులకి దీన్ని మించింది లేదు. దూరం చూపుకి వాడే అద్దాలు పెట్టుకుని, భూతద్దాన్ని కాగితం నుంచి సరైన దూరంలో ఉంచి, తలను అద్దం దగ్గరికి తీసుకురావాలి. కన్ను అద్దానికి ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ అక్షరాలు కనపడతాయి. చాలామంది అద్దాన్ని చెయ్యి చాచి పట్టుకుని, ఒక్క అక్షరమే కనపడుతోందని విసుక్కుంటారు. చెయ్యి వణికే పెద్దవాళ్లకి ఇది ఇవ్వకండి.

వాళ్లకి స్టాండు భూతద్దం మేలు. దానికి కాళ్లుంటాయి కాబట్టి పేజీ మీద పెట్టి జరుపుకుంటూ పోతే చాలు, దూరం అదే సరిపోతుంది. దీనితో మాత్రం దగ్గర చూపు అద్దాలు పెట్టుకోవాలి. ఇది చెప్పకుండా అమ్మేస్తారు, వాళ్లు దూరపు అద్దాలతో చూసి "మసగ్గా ఉంది" అని పక్కన పడేస్తారు. స్టాండు అద్దానికి బల్లపరుపు కావాలి. మందు సీసా మీద, సిలిండర్ రసీదు మడత మీద అది నిలబడదు. చిన్నపిల్లలకి గాజు బుడగలా ఉండే డోమ్ అద్దం నచ్చుతుంది. పేజీ మీద పెడితే వెలుతురును తనే లోపలికి లాక్కుంటుంది. శక్తి మాత్రం రెండింతలే.

కళ్లజోడులా పెట్టుకునే ఎక్కువ పవరు అద్దాలకు ఒక సుఖం ఉంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రాసుకోవచ్చు, చీర కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకోవచ్చు, పువ్వులు కట్టుకోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే 12 డయాప్టర్లకి పేజీ ముక్కు ముందు 8 సెంటీమీటర్లలో ఉండాలి. గంటసేపు అలా చదివితే మెడ పట్టేస్తుంది, తల నీడ పేజీ మీద పడుతుంది. పక్క నుంచి టేబుల్ లైటు, పుస్తకం ఎత్తులో నిలిపే స్టాండు లేకుండా ఇవి కొనకండి.

ఇప్పుడు మన లిపి సంగతి. ఇంగ్లీషు అక్షరాలు వరుసలో నిలబడి ఉంటాయి. మనకు పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు. "స్త్రీ" అన్న మాట ఎంత ఎత్తు తీసుకుంటుందో చూడండి. ప-ష, మ-య, ధ-థ, వ-మ తేడాలన్నీ చిన్న చుక్కలో, చిన్న తోకలో ఉంటాయి. పేపరులో వరుసలు ఇరుకు కాబట్టి పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అద్దంలో కనపడే భాగం ఎత్తు తక్కువైతే వత్తు బయటే ఉండిపోతుంది, "అక్క" కాస్తా "అక" అవుతుంది. కాబట్టి తెలుగు చదివేవాళ్లు అద్దాన్ని తెలుగు అచ్చు మీదే పరీక్షించాలి. చాలాసార్లు ఇంగ్లీషుకి సరిపోయిన శక్తికన్నా కాస్త ఎక్కువ కావాల్సి వస్తుంది. నల్ల అట్టముక్కలో రెండు వరుసలు కనపడేలా సందు కోసి పేజీ మీద పెట్టుకోండి. రూపాయి ఖర్చు లేదు, వరుస తప్పిపోయే బాధ చాలావరకు పోతుంది.

మధ్య చూపు పోయినవాళ్లకి అద్దంతో పాటు ఇంకోటి నేర్పాలి: పక్క చూపుతో చదవడం. నేను ముఖం చూడాలంటే మనిషి చెవి పైకి చూస్తాను, అప్పుడు ముఖం కనపడుతుంది. అవతలివాళ్లకి నేను వాళ్ల వెనక గోడ చూస్తున్నట్టు ఉంటుంది. ఏ పక్కకు చూస్తే ఎక్కువ కనపడుతుందో క్లినిక్కులో కనిపెట్టి, దానితో చదవడం అలవాటు చేయిస్తారు. కొన్ని వారాలు రోజూ సాధన చేయాలి. ఖరీదైన అద్దం కొని ఈ సాధన ఎగ్గొడితే డబ్బు దండగ.

ఫోనా, వీడియో మాగ్నిఫయరా, వినడమా

నా లెక్క ప్రకారం ఏదైనా కొనేముందు జేబులో ఉన్న ఫోనును పూర్తిగా వాడి చూడాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ తెరిస్తే స్క్రీన్ పెద్దది చేయడం, నలుపు మీద తెలుపు అక్షరాలు, చదివి వినిపించే టాక్‌బ్యాక్ అన్నీ ఉచితం. ఐఫోన్‌లో మాగ్నిఫయర్, వాయిస్‌ఓవర్ ఉంటాయి. తెలుగు గొంతు కూడా ఉంది. కాగితాన్ని ఫొటో తీసి వేళ్లతో పెద్దది చేసుకోవడం ఇప్పుడు పెద్దవాళ్లకీ వచ్చేసింది. పెళ్లి శుభలేఖకి, బిల్లుకి అది చాలు. ఇక ఏది తోచకపోయినా వాట్సాప్ వీడియో కాల్ చేసి "ఇది ఏ మాత్రో చూడవే" అని కూతుర్ని అడగడం కన్నా మంచి యాప్ ఇంకా రాలేదు.

ఫోను చేయలేనివి కొన్ని ఉన్నాయి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని అరగంట చదవలేం. వెండి కాగితం మీద అచ్చేసిన మందు పేరును ఫోను కెమెరా మెరుపు తప్ప ఇంకేమీ చూపించదు. అక్కడ లైటు భూతద్దాన్నే, లైటు ఆపేసి, షీటును కిటికీ వైపు ఏటవాలుగా తిప్పుతూ చదవాలి. పైగా సగం షీటు చింపేశాక పేరు సగమే మిగులుతుంది. అందుకే మందులు తెచ్చిన రోజే బీపీ షీటుకి ఒక రబ్బరు బ్యాండు, షుగర్ షీటుకి రెండు వేసి పెట్టుకుంటే రోజూ చదివే పనే ఉండదు.

టేబుల్ మీద పెట్టే వీడియో మాగ్నిఫయర్ అంటే పైన కెమెరా, ఎదురుగా స్క్రీను, కింద జరిగే పళ్లెం. ధర చాలా ఎక్కువ. రోజూ గంటల తరబడి కాగితాలు చూసే ఉద్యోగికి, లాయరుకి, చదువుకునే పిల్లలకి అది పెట్టుబడి. రోజుకి పేపరు హెడ్డింగులు చూసే పెద్దాయనకి దండగ. చేతిలో పట్టే చిన్న ఎలక్ట్రానిక్ మాగ్నిఫయర్లు మధ్యరకం. మంచి ఫోను ఉన్నవాళ్లకి అవి పెద్దగా అదనం ఏమీ ఇవ్వవని నా అభిప్రాయం. ఫోను అంటే భయపడే పెద్దవాళ్లకి మాత్రం ఒకే ఒక్క బటన్ ఉన్న ఆ పరికరం మేలు. ఇంట్లో పాత టీవీ ఉంటే ఫోను కెమెరాను టీవీకి కలిపి చూడండి. ఆ ఏర్పాటు మీ పనికి సరిపోతే పెద్ద యంత్రం అవసరమే రాకపోవచ్చు.

విదేశాల నుంచి తెచ్చేవాళ్లకి ఒక మాట. కాగితాన్ని చదివి వినిపించే యంత్రాలు, తెలివైన కళ్లజోళ్లు తెలుగు అచ్చును చదువుతాయా లేదా అని కొనకముందే కనుక్కోండి. ఇంగ్లీషులో గడగడా చదివేది ఈనాడు ముందు పెడితే మూగబోవచ్చు. ఇక్కడ రిపేరు ఎవరు చేస్తారో కూడా అడగండి.

చదవడం కన్నా వినడం తేలికైన స్థితికి వస్తే మొహమాటపడక అటే వెళ్లాలి. కంప్యూటర్‌లో తెర మీదది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ లైబ్రరీలో భారతీయ భాషల పుస్తకాలున్నాయి. డబ్బు నోట్లకి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కొత్త 500, 200 నోట్లకి పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే, అది చేతికి తెలియదు. అంచున ఉబ్బెత్తు గీతలున్నాయి: 500కి ఐదు, 200కి నాలుగు గీతలు, వాటి మధ్య రెండు చుక్కలు. నోటు నలిగాక అవి అరిగిపోతాయి. మార్కెట్‌కి వెళ్లేముందు ఇంట్లోనే వేర్వేరు అరల్లో సర్దుకోవడం నాకు బాగా పనిచేస్తోంది.

దూరం చూడ్డానికి, నడవడానికి

బోర్డు, బస్సు నంబరు, స్టేషన్‌లో తెర లాంటివాటికి చిన్న టెలిస్కోపు ఉంటుంది, బొటనవేలంత. 6/60 ఉన్నవాళ్లకి 4ఎక్స్ టెలిస్కోపుతో లెక్క ప్రకారం 6/15 దాకా రావచ్చు. కానీ నిలబడి చూడాల్సిందే, దానితో నడవకూడదు. కదిలే బస్సు మీద దాన్ని నిలపడం కొన్నాళ్లు సాధన చేస్తే గానీ రాదు. క్లాసులో బోర్డుకి మాత్రం పిల్లలకి ఇది వరం. "అందరూ చూస్తారు" అని పిల్లలు దాన్ని సంచిలోంచి తీయరు. వాళ్లకైతే బోర్డును ఫోనులోనో ట్యాబ్‌లోనో ఫొటో తీసుకోనిచ్చే టీచరు దొరికితే అదే ఎక్కువ పనికొస్తుంది. పెద్దవాళ్లకి బస్సు నంబరు పక్కవాళ్లని అడగడమే త్వరగా అయ్యే పని.

అంచు చూపు పోయినవాళ్లకి ఇక్కడ అసలు ఎంపిక తెల్లకర్ర. దీని దగ్గరే ఇళ్లలో గొడవ. "కొంచెం కనపడుతుంటే కర్రెందుకు, నలుగురూ గుడ్డివాడంటారు, చెల్లెలి సంబంధాలు చెడతాయి" అంటారు. రోడ్డు మీద మ్యాన్‌హోల్‌కి ఇవేవీ తెలియవు. రేచీకటి ఉన్న అబ్బాయి పగలు కర్ర లేకుండా తిరిగి, చీకటి పడ్డాక మడతపెట్టిన కర్ర తీసి వాడటం చాలా మామూలు. మడతపడేది కొనుక్కోండి, నిలబడితే గుండె ఎముక దాకా వచ్చే పొడవుండాలి. కర్ర ధర తక్కువే, దాన్ని ఎలా ఆడించాలో నేర్పే శిక్షకుడే దొరకాలి. నేర్చుకోకుండా వాడితే అది ఊతకర్ర అవుతుంది. ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన స్మార్ట్‌కేన్ మోకాలి పైనుంచి తల దాకా అడ్డొచ్చేవాటిని పసిగట్టి చేతికి వణుకుతో చెబుతుంది. మామూలు కర్రకి దొరకని వేలాడే కొమ్మలు, ఆగి ఉన్న లారీ వెనక పలకలు దీనికి దొరుకుతాయి. మామూలు కర్ర బాగా వచ్చాకే దాని జోలికి వెళ్లండి.

ఇల్లు, వంటిల్లు

ఇక్కడ ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. బియ్యం ఏరాలంటే ముదురు రంగు పళ్లెం, మినప్పొట్టు చూడాలంటే తెల్ల పళ్లెం. పెరుగన్నం తెల్ల ప్లేటులో పెట్టకండి. మెట్ల అంచులకి పసుపుపచ్చ పెయింట్ గీత కొట్టించండి. గడపకి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టే ఇళ్లలో గడప తగిలి పడేవాళ్లు తక్కువేనని నాకో అనుమానం. గ్యాస్ స్టవ్ నాబ్ సిమ్‌లో ఉండే చోట నెయిల్ పాలిష్ బొట్టు రెండు మూడు పొరలు వేస్తే వేలికి తగులుతుంది. కూర్చుని చేసే పనికి లైటు నెత్తి మీద కాదు, భుజం పక్క నుంచి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లోవాళ్లు వస్తువు తీసిన చోటే పెట్టడం. సగం తెరిచి వదిలేసిన తలుపు మామూలు గోడకన్నా ప్రమాదం.

పిల్లలకి: పెద్ద అచ్చా, బ్రెయిలీనా

"కొంచెం కనపడుతోంది కదా, బ్రెయిలీ ఎందుకు" అనే ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు లేదు. చూడాల్సింది మూడు. చూపు ఇలాగే ఉండే జబ్బా, తగ్గుతూ పోయే జబ్బా? ఇప్పుడు నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నాడు, క్లాసు పెరిగేకొద్దీ పెరిగే పాఠాలకి ఆ వేగం సరిపోతుందా? అరగంట చదివాక తలనొప్పి వస్తోందా? ఆల్బినిజం లాంటి స్థిరంగా ఉండే చూపుకి పెద్ద అచ్చు, డోమ్ అద్దం, ముందు బెంచీ చాలా దూరం తీసుకెళ్తాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలితే చూపు ఉండగానే బ్రెయిలీ, టైపింగ్ మొదలుపెట్టడం మంచిది, చిన్న వేళ్లు త్వరగా పట్టుకుంటాయి. మేనరికం పెళ్లిళ్లు ఉన్న కుటుంబమైతే జన్యు సలహా తీసుకోమని డాక్టర్లు చెబుతారు. తర్వాతి బిడ్డ గురించి ఆలోచించే ముందే వెళ్లండి.

ప్రత్యేక పాఠశాలా, మామూలు బడా అన్నది బడిని బట్టి ఉంటుంది. చదివించే పద్ధతి తెలిసిన టీచరు మామూలు బడిలో ఉంటే పిల్లాడు ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు. లేకపోతే వెనక బెంచీలో కూర్చుని ఏళ్లు గడిపేస్తాడు. అప్పుడు నాలుగేళ్లు ప్రత్యేక పాఠశాలలో బ్రెయిలీ, కంప్యూటర్, కర్ర నేర్చుకుని తిరిగి మామూలు బడికి రావడం నయం. పరీక్షల్లో గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం, కావాలంటే రాసిపెట్టే మనిషి, రెండూ కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. దరఖాస్తు విద్యా సంవత్సరం మొదట్లోనే పెట్టండి, హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

వికలాంగుల సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా

తీసుకోండి. ప్రభుత్వం నడిపే సదరం శిబిరంలో పరీక్ష చేసి వైకల్యం శాతం నిర్ణయిస్తారు, దేశమంతా చెల్లే యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఉంటుంది. 40 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే చాలా సౌకర్యాలు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే వస్తుంది, అది చాలదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా, నీటికాసులు ఉన్నవాళ్లకి చార్టు మీద చూపు బాగానే ఉన్నా, చూపు వెడల్పు రెండు కళ్లలోనూ 40 డిగ్రీల లోపు ఉంటే 40 శాతానికి అర్హత ఉంటుంది. కాబట్టి చూపు వెడల్పు కొలిచే ఫీల్డ్ పరీక్ష రిపోర్టు తీసుకెళ్లాలి. అది లేకుండా వెళ్లి, చార్టు చదివి, "మీకేం లేదు" అనిపించుకుని వచ్చినవాళ్లు ఉన్నారు.

40 శాతంతో ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగుల కోటా 4 శాతంలో అంధులకీ లో విజన్ వాళ్లకీ కలిపి 1 శాతం, పై చదువుల్లో 5 శాతం కోటా, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి 75,000 రూపాయల మినహాయింపు ఉంటాయి. 80 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ మినహాయింపు 1,25,000. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలు చేశారు. రైల్వే రాయితీ మాత్రం పూర్తిగా చూపు లేనివాళ్లకే, లో విజన్‌కి లేదు. స్టేషన్‌కి వెళ్లి కౌంటర్లో వాదించి లాభం లేదు.

వీటికి డబ్బు పెట్టకండి

కంటి వ్యాయామాలతో రెటీనా జబ్బు నయం చేస్తామనేవాళ్లు, తేనె చుక్కలవాళ్లు, ఏ ఆమోదమూ లేకుండా లక్షలు తీసుకుని స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనే క్లినిక్కులు. జన్యు చికిత్స అనేది అబద్ధం కాదు. 2017లో అమెరికాలో ఒకదానికి అనుమతి వచ్చింది. కానీ అది ఆర్‌పీఈ65 అనే ఒకే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే. మీది ఆ జన్యువా కాదా అని పరీక్ష చేయించకుండా ఎవరు ఆశ చూపించినా నమ్మకండి.

ఇంకో ఖర్చు కూడా తప్పించవచ్చు, అది భూతవైద్యుడికి ఇచ్చేది. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లలో కొందరికి లేని మనుషులు, పువ్వుల డిజైన్లు, చిన్న చిన్న పిల్లలు కనపడతారు. మాట వినపడదు, బొమ్మలే. మనసు సరిగానే ఉంటుంది, అవి నిజం కావని వాళ్లకే తెలుస్తుంది. మెదడుకి కళ్ల నుంచి రావాల్సిన సమాచారం తగ్గినప్పుడు అది తనే బొమ్మలు కట్టుకుంటుంది. 1760లో చార్లెస్ బోనే అనే స్విస్ పండితుడు తన తాతగారికి ఇలా జరగడం చూసి రాశాడు, అందుకే ఈ స్థితికి ఆయన పేరే పెట్టారు. మన ఇళ్లలో పిచ్చి పట్టిందంటారేమోనని అమ్మమ్మలు ఈ సంగతి ఎవరికీ చెప్పరు. మీరే మెల్లగా అడగండి. అవునంటే కంటి డాక్టరుకి చెప్పండి. మాట తడబడటం, మతిమరుపు, జ్వరం లాంటివి కూడా తోడైతే నరాల డాక్టరుకి చూపించండి. అవేవీ లేకపోతే, లైటు వేసి, రెప్పలు నాలుగైదుసార్లు ఆర్పి, చూపు అటూ ఇటూ తిప్పమనండి. చాలామందికి ఆ బొమ్మ అప్పటికి మాయమవుతుంది.